పీఎం 2.5 (గాలిలో 2.5 మైక్రోమీటర్ల లోపు ఉండే సన్నని కణాలు) భాగాలన్నీ కూడితే తూకంలో 63 శాతమే వస్తోంది. మిగతాది ఎక్కడికి పోయింది?

శాంపిల్‌బుట్ట:

నగరం నడిమధ్య ఒక మేడ మీద తీసిన 24 గంటల పీఎం 2.5 శాంపిల్ గురించి. శాంప్లర్‌లో రెండు చానెళ్లు, ఒక్కోటి నిమిషానికి 16.7 లీటర్లు. ఒక చానెల్‌లో 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్. దాన్ని 50 శాతం తేమలో ఒక రోజు ఉంచి తూచి, తర్వాత నైట్రిక్ ఆమ్లంలో అరిగించి ఐసీపీ-ఎంఎస్‌లో (లోహాల్ని అతి సూక్ష్మంగా కొలిచే యంత్రం) లోహాలు చూశాం. రెండో చానెల్‌లో క్వార్ట్జ్ ఫిల్టర్. అందులో ఒక ముక్క ఓసీ-ఈసీకి (సేంద్రియ కర్బనం, మసి లాంటి మూలక కర్బనం), ఇంకో ముక్క అయాన్లకి.

అంకెలన్నీ ఘనమీటరుకు మైక్రోగ్రాములలో. తూకం ప్రకారం మొత్తం 86. సల్ఫేట్ 11.0, నైట్రేట్ 9.0, అమ్మోనియం 6.2, క్లోరైడ్ 1.5, పొటాషియం 1.2, సోడియం 0.5, కాల్షియం 0.9, మెగ్నీషియం 0.1. ఓసీ 17.0, ఈసీ 5.0. అల్యూమినియం 0.7, ఇనుము 0.8, టైటానియం 0.05. మిగతా లోహాలన్నీ కలిపినా 0.3 దాటవు.

కూడితే 54 వస్తోంది. 32 మైక్రోగ్రాములు లెక్కకి అందడం లేదు. వేరే రోజుల శాంపిళ్లలోనూ తేడా ఇంచుమించు ఇదే నిష్పత్తిలో ఉంది, కాబట్టి ఏదో ఒక్క ఫిల్టర్ పాడైందని అనుకోలేను. విశ్లేషణలో తప్పుందా, లేక మేం కొలవని పదార్థం ఏదైనా ఉందా?

---

అయాన్లపద్దు:

తప్పు ఉండొచ్చు, దాని సంగతి తర్వాత. ముందు కూడికే సరిగ్గా లేదు. మీరు మూలకాలనూ అయాన్లనూ కూడారు. ఫిల్టర్ మీద ఉన్నవి సమ్మేళనాలు. ఓసీ అంటే సేంద్రియ పదార్థంలోని కర్బనం మాత్రమే, దాన్ని అంటుకున్న ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్ అందులో లేవు. అల్యూమినియం 0.7 అంటే మట్టిలో అది ఆక్సైడ్‌గా, సిలికేట్‌గా ఉంటుంది, ఆ ఆక్సిజన్ కూడా మీ పద్దులో లేదు. సిలికాన్ అయితే మీరు అసలు కొలవనే లేదు. తూకం యంత్రానికి మాత్రం ఇవన్నీ తెలుసు.

ఒక్కొక్కటి చూద్దాం.

సేంద్రియ పదార్థం: ఓసీని ఒక గుణకంతో హెచ్చించాలి. చాలాకాలం 1.4 వాడారు. 2001లో టర్పిన్, లిమ్ నగరానికి 1.6 (అటూ ఇటూ 0.2), దూరం నుంచి వచ్చి ముదిరిన ఏరోసాల్‌కి (గాలిలో తేలే కణాలకి) 2.1 సూచించారు. మీది నగరం మధ్య కాబట్టి 1.6 తీసుకుంటే 17.0 × 1.6 = 27.2. ఇక్కడే 10.2 దొరికింది.

మట్టి ధూళి: ఇంప్రూవ్ నెట్‌వర్క్ (అమెరికాలో గాలిని పరిశీలించే కేంద్రాల వ్యవస్థ) వాడే సూత్రం 2.20 × అల్యూమినియం + 2.49 × సిలికాన్ + 1.63 × కాల్షియం + 2.42 × ఇనుము + 1.94 × టైటానియం. మీ దగ్గర సిలికాన్ లేదు, కాబట్టి భూపటలంలో సిలికాన్‌కీ అల్యూమినియంకీ ఉండే నిష్పత్తి సుమారు 3.4 పెట్టి 2.4 అనుకుందాం. అప్పుడు 1.54 + 5.98 + 1.47 + 1.94 + 0.10 = 11.0. ఇందులో అల్యూమినియం, కాల్షియం, ఇనుము, టైటానియం కలిపి 2.45 మీరు ముందే కూడేశారు కాబట్టి కొత్తగా వచ్చేది 8.6. సగానికి పైగా భాగం కొలవని సిలికాన్ మీద ఆధారపడి ఉందని గుర్తుంచుకోండి. ఈ పద్దులో నాకు బొత్తిగా నమ్మకం లేని గడి ఇదే.

దీంతో 54 కాస్తా 73 దగ్గరికి చేరింది, అంటే 85 శాతం.

ఇక నీరు. 50 శాతం తేమలో తూచామన్నారు. అమెరికా పద్ధతిలో 30 నుంచి 40 శాతం, ఐరోపా ప్రమాణంలో 45 నుంచి 50 శాతం. రెండింట్లోనూ ఫిల్టర్ పూర్తిగా ఎండదు. అమ్మోనియం సల్ఫేట్ 80 శాతం తేమ దగ్గర కరుగుతుంది గానీ, ఒకసారి కరిగాక తిరిగి స్ఫటికం కావాలంటే తేమ 40 శాతం కిందికి దిగాలి. నడుమ ఎక్కడున్నా నీటిని పట్టుకునే ఉంటుంది. సేంద్రియ పదార్థం కలిసి ఉంటే అంతకంటే కిందికి దిగినా స్ఫటికం కాకపోవచ్చు.

గరిష్ఠం ఎంతో అంచనా వేయొచ్చు. సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం కలిపి 26.2. సాంద్రత 1.75 అనుకుంటే ఘనపరిమాణం 15. ఈ లవణాలకి కప్పా (నీటిని పట్టుకునే శక్తిని చెప్పే అంకె) సుమారు 0.6. నీటి పరిమాణం = కప్పా × పొడి పరిమాణం × తేమ ÷ (1 − తేమ). 50 శాతం దగ్గర చివరి భాగం సరిగ్గా 1 అవుతుంది కాబట్టి 0.6 × 15 = 9. అంటే ఘనమీటరుకు 9 మైక్రోగ్రాముల నీరు. 24 ఘనమీటర్ల గాలికి ఫిల్టర్ మీద 216 మైక్రోగ్రాములు. 1 మైక్రోగ్రాము చూపే త్రాసుకి ఇది చిన్న విషయం కాదు. అదే 35 శాతం తేమలో తూస్తే ఇదే సూత్రం 4.8 మాత్రమే ఇస్తుంది, లవణాలు స్ఫటికమైతే ఇంకా తక్కువ.

73 + 9 = 82. 86లో 95 శాతం. కొలవని వింత పదార్థం కోసం వెతకనక్కర్లేదు.

---

క్వార్ట్జ్‌ముక్క:

పై లెక్క సరే. కానీ 95 వచ్చిందని అంతా బాగుందనుకోవద్దు. ఇక్కడ రెండు వైపులా తప్పులున్నాయి, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని చక్కటి మొత్తం చూపిస్తాయి.

మొదటిది, ఫిల్టర్లు రెండూ ఒకే గాలిని ఒకేలా పట్టవు. క్వార్ట్జ్ పీచుకి ఉపరితలం ఎక్కువ, గాలిలోని సేంద్రియ ఆవిర్లను కూడా పీల్చుకుంటుంది. ఆ ఆవిరి ఓసీగా లెక్కకొస్తుంది. టెఫ్లాన్ మీద అది దాదాపు ఉండదు, కాబట్టి తూకంలో రాదు. మీరు దాన్ని 1.6తో హెచ్చించి మరీ కూడుతున్నారు. ఎంత ఉందో తెలియాలంటే టెఫ్లాన్ చానెల్‌లో ఫిల్టర్ వెనక ఒక క్వార్ట్జ్ ఫిల్టర్ పెట్టండి. కణాలు ముందే ఆగిపోతాయి, వెనక దానికి చేరేది ఆవిరే. దాని ఓసీ ఉదాహరణకి 2 వస్తే, 17 బదులు 15 వాడాలి. సేంద్రియ పదార్థం 27.2 నుంచి 24కి పడుతుంది. టెఫ్లాన్ మీది కణాల నుంచి ఆవిరైనది కూడా వెనక ఫిల్టర్‌కి చేరుతుంది కాబట్టి ఈ దిద్దుబాటు కొంచెం అతిగా ఉండే అవకాశం ఉంది. అయినా ఏమీ చేయకపోవడం కంటే నయం.

రెండోది నైట్రేట్. అమ్మోనియం నైట్రేట్ అమ్మోనియా, నైట్రిక్ ఆమ్లపు ఆవిర్లతో సమతౌల్యంలో ఉంటుంది. చలి, తేమ ఉంటే కణంలో, ఎండ కాస్తే ఆవిరిలో. రాత్రి ఫిల్టర్ మీద పడింది మధ్యాహ్నం లేచిపోతుంది. క్వార్ట్జ్ మీద దీనికి తోడు ఆమ్లపు ఆవిరి అతుక్కోవడం కూడా ఉంది. అందుకే ‘సరైన నైట్రేట్’ అని ఒకటి లేదు, మీ ప్రశ్నని బట్టి రెండున్నాయి. తూకం పద్దు కోసమైతే టెఫ్లాన్ మీద మిగిలిన నైట్రేట్ కావాలి. గాలిలో నిజంగా ఎంత ఉందో కావాలంటే, ముందు ఆమ్లపు ఆవిరిని పట్టే డెన్యూడర్, దాని వెనక నైట్రేట్‌ని లేచిపోనివ్వని నైలాన్ ఫిల్టర్ కావాలి. నైలాన్ అంకెను తెచ్చి టెఫ్లాన్ తూకం పద్దులో వేస్తే, వేసవిలో భాగాల మొత్తం తూకాన్ని దాటినా ఆశ్చర్యపోకండి.

మూడోది చాలా మామూలు పొరపాటు: ముక్క నుంచి మొత్తం ఫిల్టర్‌కి లెక్క కట్టేటప్పుడు ఏ వైశాల్యం వాడారు? 47 మిల్లీమీటర్ల ఫిల్టర్ మొత్తం వైశాల్యం 17.35 చదరపు సెంటీమీటర్లు. కానీ హోల్డర్ అంచు కింద గాలి పోదు. నల్లటి మచ్చ వ్యాసం 40 మిల్లీమీటర్లు అయితే వైశాల్యం 12.57 మాత్రమే. 17.35 వాడితే క్వార్ట్జ్ నుంచి వచ్చిన ప్రతి అంకె 38 శాతం ఎక్కువ చూపుతుంది. స్కేలు పెట్టి మచ్చని కొలవండి, హోల్డర్ కంపెనీ కాగితం మీద ఉన్న అంకెను నమ్మొద్దు.

ఓసీ-ఈసీ ఏ ఉష్ణోగ్రతల క్రమంలో చేశారో కూడా రాయాలి. ఇంప్రూవ్-ఏ అనే క్రమంలో హీలియం దశ (ఆక్సిజన్ లేకుండా వేడిచేసే దశ) 580 డిగ్రీల దగ్గర ఆగుతుంది, యూసార్-2లో 650 దాకా పోతుంది, నియోష్ తరహాలో 850 దాటుతుంది. మాడిన సేంద్రియాన్ని దిద్దడానికి కాంతి పరావర్తనం వాడతారా, ప్రసారం వాడతారా అన్నదాన్ని బట్టి కూడా విభజన మారుతుంది. మొత్తం కర్బనం దగ్గరగానే ఉన్నా ఈసీ రెండింతలు తేడా రావచ్చు. మీ తూకం పద్దుకి దీని దెబ్బ చిన్నదే. ఈసీ 5 కాక 8, ఓసీ 17 కాక 14 అనుకోండి. 32.2 బదులు 30.4 వస్తుంది, అంతే. కానీ ఓసీ-ఈసీ నిష్పత్తి 3.4 నుంచి 1.75కి పడుతుంది, అప్పుడు మూలాల గురించి చెప్పే కథ పూర్తిగా వేరవుతుంది.

---

తుల్యభారం:

నేను ఒక్క పరీక్ష మాత్రం చేసి చూశా, అయాన్ల సమతూకం. ప్రతిదాన్నీ దాని తుల్యభారంతో (అయాన్ భారాన్ని దాని ఆవేశంతో భాగిస్తే వచ్చేది) భాగించా.

ఋణ అయాన్లు: సల్ఫేట్ 11.0 ÷ 48.03 = 0.229, నైట్రేట్ 9.0 ÷ 62.0 = 0.145, క్లోరైడ్ 1.5 ÷ 35.45 = 0.042. మొత్తం 0.416.

ధన అయాన్లు: అమ్మోనియం 6.2 ÷ 18.04 = 0.344, కాల్షియం 0.9 ÷ 20.04 = 0.045, పొటాషియం 0.031, సోడియం 0.022, మెగ్నీషియం 0.008. మొత్తం 0.450.

నిష్పత్తి 1.08. ధనం వైపు సుమారు 0.033 ఎక్కువ, అది కాల్షియం కంటే తక్కువ. అంటే కాల్షియంలో కొంత కార్బొనేట్‌గా ఉందని చదువుకోవచ్చు, అయాన్లని విడదీసే క్రొమటోగ్రఫీ కాలమ్‌లో కార్బొనేట్ కనిపించదు కదా. కొంత భాగం ఆక్సలేట్ లాంటి సేంద్రియ ఆమ్లాలదీ కావచ్చు. అంతా కార్బొనేటే అనుకున్నా 1 మైక్రోగ్రాము, అందులో కర్బనం 0.2. దాన్ని విడిగా కూడొద్దు, మట్టి సూత్రపు గుణకాల్లో అది కలిసే ఉంది.

అయాన్ల విశ్లేషణ బాగానే ఉన్నట్టు. ఒకవేళ నిష్పత్తి 0.8 కింద వస్తే రెండు అనుమానాలు: కణాలు నిజంగా ఆమ్లంగా ఉన్నాయి, లేదా అమ్మోనియం పోయింది. నీటిలో తీసిన ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతలో రోజుల తరబడి ఉంచితే సూక్ష్మజీవులు అమ్మోనియంని తినేస్తాయి. 4 డిగ్రీల్లో ఉంచి త్వరగా నడిపేయండి. సోడియం శిఖరం పక్కనే అమ్మోనియం శిఖరం వస్తుంది, రెండూ అతుక్కుంటే అమ్మోనియం తక్కువగా చదివే ప్రమాదం ఉంది. ఎల్యూయెంట్ (కాలమ్ గుండా పంపే ద్రావణం) గాఢత తగ్గించి విడదీయండి.

---

శాంపిల్‌బుట్ట:

మచ్చ వ్యాసం కొలిచాను, 40 మిల్లీమీటర్లే, లెక్కలో కూడా 12.57 వాడాం. ఆ భయం తీరింది. ఓసీ-ఈసీ ఇంప్రూవ్-ఏ, పరావర్తనం.

ఇంకో రెండు ప్రశ్నలు. సిలికాన్‌ని అంచనా వేయకుండా నిజంగా కొలిచే దారేంటి? ఇప్పుడు వచ్చిన కూర్పు చూసి, సల్ఫేట్-నైట్రేట్-అమ్మోనియం 26ని ‘పరిశ్రమలు’ అనీ, పొటాషియం 1.2ని ‘కట్టెల పొగ’ అనీ నివేదికలో రాయొచ్చా? పైవాళ్లు ఒక్క పేజీలో అలాగే అడుగుతున్నారు.

---

రేణువు:

సిలికాన్ సంగతి. నైట్రిక్ ఆమ్లం ఒక్కటే వాడితే సిలికేట్ గింజలు పూర్తిగా కరగవు. కాబట్టి మీ అల్యూమినియం 0.7, టైటానియం 0.05 కూడా తక్కువ చదివినవే అయ్యుండొచ్చు. వాటి నుంచి లాగిన సిలికాన్ కూడా తక్కువే అవుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిపితే సిలికేట్ కరుగుతుంది కానీ సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ ఆవిరై పోతుంది. పైగా ఆ ఆమ్లం చర్మం మీద పడితే ప్రాణాల మీదికి వస్తుంది, కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేకుండా సీసా మూత కూడా తీయకూడదు. క్వార్ట్జ్ ఫిల్టర్ సంగతి చెప్పనక్కర్లేదు, అది ఆసాంతం సిలికాన్ డయాక్సైడే.

దారి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలు పడ్డప్పుడు మూలకాలు వెదజల్లే కిరణాల్ని బట్టి వాటిని కొలిచే పద్ధతి). టెఫ్లాన్ ఫిల్టర్‌ని పాడుచేయకుండా అల్యూమినియం, సిలికాన్, గంధకం, కాల్షియం, ఇనుము అన్నీ ఒకేసారి వస్తాయి. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: తూకం, తర్వాత ఎక్స్‌ఆర్‌ఎఫ్, ఆ తర్వాత నీటిలో అయాన్లు, ఆఖరున మిగిలిన ఫిల్టర్‌నీ ద్రావణాన్నీ ఆమ్లంలో అరిగించడం. ఒక చిక్కుంది, ఎక్స్‌ఆర్‌ఎఫ్ గదిలో శూన్యం పెడితే ఆ ఫిల్టర్ మీది నైట్రేట్, కొంత క్లోరైడ్ లేచిపోతాయి. వాటిని అదే ఫిల్టర్ మీద కొలవాలంటే హీలియం వాతావరణంలో నడపమని అడగండి.

టెఫ్లాన్ నీటిని దగ్గరికి రానివ్వదు. నీరు పోసే ముందు 100 నుంచి 200 మైక్రోలీటర్ల ఇథనాల్ చుక్కలుగా వేసి మచ్చంతా తడపాలి. ఈ పని మానేస్తే సగం మచ్చ పొడిగానే మిగులుతుంది, సల్ఫేట్ తక్కువ వస్తుంది, కారణం అంతుపట్టదు. తర్వాత 18.2 మెగాఓమ్ (అతి శుద్ధమైన) నీళ్లు 15 మిల్లీలీటర్లు, అల్ట్రాసోనిక్ తొట్టెలో గంట, నీళ్లు వేడెక్కకుండా ఐస్ ముక్కలు. గాజు పాత్ర వద్దు, సోడియం వదులుతుంది.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ వల్ల ఇంకో లాభం: గంధకాన్ని 3తో హెచ్చిస్తే అయాన్ల సల్ఫేట్‌కి సరిపోవాలి. రెండు వేర్వేరు యంత్రాలు కాబట్టి ఇది గట్టి తనిఖీ. గంధకం × 3 బాగా ఎక్కువైతే ముందుగా అనుమానించాల్సింది తడవని ఫిల్టర్‌నే. ఐసీపీకి మాత్రం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వారి 1648ఏ నగర ధూళి ప్రామాణికాన్ని మీ పద్ధతిలోనే అరిగించి, అల్యూమినియం ఎంత శాతం తిరిగి వస్తోందో చూడండి. వెనేడియం, ఆర్సెనిక్ చూసేటప్పుడు హీలియం కొలిజన్ మోడ్ (అడ్డొచ్చే అణువుల జంటల్ని హీలియంతో వడకట్టే అమరిక) తప్పనిసరి. క్లోరిన్-ఆక్సిజన్ జంట ద్రవ్యరాశి 51 దగ్గర వెనేడియంలా, ఆర్గాన్-క్లోరిన్ జంట 75 దగ్గర ఆర్సెనిక్‌లా కనిపిస్తాయి.

ఇక ఆ ఒక్క పేజీ. అలా రాయొద్దు, ఎవరడిగినా సరే. సల్ఫేట్ సల్ఫర్ డయాక్సైడ్ నుంచి గాలిలో తయారైంది. బొగ్గు కావచ్చు, గంధకం ఎక్కువున్న నూనె కావచ్చు, అదీ వందల కిలోమీటర్ల అవతల నుంచి కావచ్చు. నైట్రేట్‌కి ఏ మంటైనా, ఏ ఇంజనైనా చాలు. అమ్మోనియం అయితే ఎక్కువగా పశువుల ఎరువు, పొలాల్లో వేసే యూరియా నుంచి, కొంత వాహనాల కెటలిటిక్ కన్వర్టర్ల నుంచి. మూడు రకాల ముడిసరుకు గాలిలో కలిసి అయిన పదార్థానికి ఒకే యజమాని పేరు పెట్టలేం. ‘ద్వితీయ అకర్బన ఏరోసాల్’ అని రాసి వదిలేయండి.

పొటాషియం మట్టిలోనూ ఉంటుంది, బాణసంచాలోనూ ఉంటుంది. ఇంప్రూవ్ లెక్కలో మట్టి వాటా తీసేయడానికి ఇనుములో 0.6 వంతు తగ్గిస్తారు: 1.2 − 0.48 = 0.72. ఆ సూత్రం మొత్తం పొటాషియంకి ఉద్దేశించింది. మీది నీటిలో కరిగినది, కాబట్టి మట్టి వాటా ఇంకా తక్కువే ఉంటుంది. అయినా కట్టెల పొగ అని గట్టిగా చెప్పాలంటే లెవోగ్లూకోసాన్ కొలవాలి. అది సెల్యులోజ్ కాలినప్పుడు పుడుతుంది, మట్టి నుంచి రాదు. క్వార్ట్జ్‌లో మిగిలిన ముక్క దీనికి సరిపోతుంది. పొటాషియంతో పాటు బేరియం, స్ట్రాన్షియం ఒకేసారి ఎగిసిన రోజుల్ని బాణసంచా అనుమానంతో పక్కన పెట్టండి.

మీ క్లోరైడ్ నాకు ఆసక్తిగా ఉంది. సముద్రపు నీటిలో క్లోరైడ్-సోడియం నిష్పత్తి 1.8, మీ దగ్గర 3. సోడియం అంతా సముద్రానిదే అనుకున్నా 0.6 మిగులు. చెత్త, ప్లాస్టిక్, బొగ్గు, కట్టెలు, ఏదో కాలుతోంది. అందుకే క్లోరైడ్ × 1.8 అనే సముద్రపు ఉప్పు సూత్రం ఇక్కడ పనికిరాదు.

ఇనుముని కూడా మొత్తంగా మట్టికి రాసేయకండి. రాగి, బేరియం, యాంటిమొనీ కలిసి కదులుతుంటే అందులో కొంత బ్రేకుల అరుగుదల. 2.42 గుణకం అక్కడ ఎక్కువ చూపుతుంది.

మూలాల వాటా శాతాల్లో కావాలంటే పీఎంఎఫ్ (చాలా శాంపిళ్ల కూర్పు నుంచి మూలాల్ని విడదీసే గణాంక పద్ధతి) చేయాలి. దానికి కనీసం 100 దాకా శాంపిళ్లు, ప్రతి అంకెకీ దాని అనిశ్చితి కావాలి. ఒక్క రోజు ఫిల్టర్‌తో అయ్యే పని కాదు.

---

అయాన్లపద్దు:

క్వార్ట్జ్‌ముక్క చెప్పిన దిద్దుబాటుతో 95 కాస్తా 91 అవుతుంది. అదేం నష్టం కాదు. 80 నుంచి 120 మధ్య ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. నేను ఒప్పుకోనిది ఒక్కటే, మొత్తం 100 వచ్చేదాకా 1.6ని 1.8 చేసి, 1.9 చేసి చూడటం. గుణకాన్ని ముందే ఎంచుకుని రాసి పెట్టండి, మిగిలిన తేడాని ‘గుర్తించనిది’ అనే గడిలో చూపండి. రుతువుని బట్టి ఆ గడి ఎలా మారుతుందో అదే మీకు దారి చూపిస్తుంది. వానాకాలంలో పెరిగితే నీరు, ధూళి రోజుల్లో పెరిగితే సిలికాన్ లెక్క, పొగ రోజుల్లో పెరిగితే సేంద్రియ గుణకం.

నీటి సంగతి ఊహ మీద వదలనక్కర్లేదు. తూచేసి ఇంకా అరిగించని టెఫ్లాన్ ఫిల్టర్లు ఐదారు, వాటితో పాటు రెండు ఖాళీ ఫిల్టర్లు తీసుకోండి. 20 డిగ్రీలు దాటకుండా ముందు తేమని 20 శాతానికి దించి ఒక రోజు ఉంచండి, తర్వాత 35 శాతంలో ఒక రోజు ఉంచి తూచండి, ఆపై 50 శాతంలో తూచండి. మళ్లీ తేమని 85 దాకా ఎక్కించి, వెనక్కి 50కి తెచ్చి తూచండి. 50 దగ్గర రెండు తూకాలు వేరుగా వస్తే అది లవణం కరిగిన నీటిని వదలకపోవడమే. మీ ఫిల్టర్లు తేమ గదిలోకి ఎటు నుంచి వచ్చాయో, ఎండు డబ్బాలోంచా, ఐస్‌పెట్టెలోంచా అన్నదాన్ని బట్టి తూకం మారుతోందని అర్థం. ఖాళీ ఫిల్టర్లు 10 మైక్రోగ్రాములకి మించి కదిలితే ఆ రోజు తూకాలు పక్కన పెట్టి, ముందు అయొనైజర్‌తో స్థిర విద్యుత్తు పోతోందో లేదో చూడండి.

---

శాంపిల్‌బుట్ట:

మా ఫిల్టర్లు ఐస్‌పెట్టెలోంచి తీసిన వెంటనే కవరు విప్పుతున్నాం.

---

క్వార్ట్జ్‌ముక్క:

అలాగైతే ఫిల్టర్ మీద నీరు పేరుకుంటోంది, 85 దాకా ఎక్కించే పని మీ కవరే చేసేస్తోంది. కవరు మూసే ఉంచి గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగండి, ఆ తర్వాతే విప్పండి.